ఆరు ఆదివారాల ఎడిటింగ్ శిక్షణ: మూడేళ్ల తర్వాత

2022 వర్షాకాలంలో, హైదరాబాదులో ఒక సీనియర్ కథారచయిత తన ఇంటి మేడమీది గదిలో నిర్వహించిన పుస్తక ఎడిటింగ్ కార్యశాలలో చేరాను. ఆరు ఆదివారాలు, ఎనిమిది మందిమి, నాలుగున్నర వేల రూపాయల రుసుము, మధ్యాహ్నం వాళ్లింటి భోజనం. ముగిసిన వారంలోనే సమీక్ష రాసి ఉంటే ఇది వేరుగా ఉండేది. ఆ తర్వాత పదకొండు పుస్తకాలు నా చేతిమీదుగా అచ్చుకు వెళ్లాయి కనుక, అక్కడ నేర్చినదానిలో ఏది నిలిచిందో ఇప్పుడు చెప్పగలను.

మొదటి వారం అచ్చుకాని ఒక పన్నెండు పేజీల కథ ఇచ్చి దిద్దుకురమ్మన్నారు. నేను అరవైకి పైగా దిద్దుబాట్లు చేసి, కొంచెం గర్వంగానే పట్టుకెళ్లాను. పాలమూరు రైతు నోటి "పోయిండు"ను నేను "వెళ్లాడు" చేసిన చోట మాస్టారు వేలు పెట్టి, "ఈయన గుంటూరుకు ఎప్పుడు మకాం మార్చాడండీ?" అని అడిగారు. నాది గుంటూరు. అదే కథలో దీపావళి రాత్రి పెరడంతా వెన్నెల పరుచుకుని ఉంది. అమావాస్యనాటి ఆ వెన్నెలను మా ఎనిమిది మందిలో ఒక్కరమూ పట్టుకోలేదు.

ఆయన పద్ధతి అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. "విద్యార్ధి"ని "విద్యార్థి" చేయడానికి, "ప్రాధాన్యత"లో అదనంగా చేరిన "త"ను తీసేయడానికి ఎవరినీ అడగనక్కరలేదు, అయితే ఆ పని చిట్టచివరిది. ముందే ప్రూఫులు దిద్దుకుంటే, రేపు రచయిత పేరాలకు పేరాలు ఎత్తేసినప్పుడు ఆ శ్రమంతా గంగపాలు. మిగిలిన ప్రతిచోటా దిద్దకుండా మార్జిన్‌లో ప్రశ్న రాయాలి. ఈ నియమం అప్పట్లో నాకు చాదస్తంగా తోచింది. రెండేళ్ల తర్వాత పోచంపల్లి నేపథ్యంలో సాగే ఒక నవల నా దగ్గరికి వచ్చింది. అందులో "అమ్మ పొద్దంతా ఆసు పోస్తుంది" అన్న వాక్యం చూసి "ఆశ" అనబోయి "ఆసు" అన్నారనుకుని కలం ఎత్తాను, చివరి క్షణంలో ప్రశ్నగా రాసి వదిలేశాను. ఆసు అంటే చీర నేయడానికి ముందు నూలును వరుస కొయ్యల చుట్టూ వేల సార్లు చేత్తో తిప్పి పోసే పని అనీ, ఆ పనితో తల్లి భుజాలు పడే బాధ చూసే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారనీ రచయిత జవాబు రాశారు. చేనేత పదాలకు, వృత్తుల వారీగా ఆయా ప్రాంతాల మాటలను పోగుచేసిన మాండలిక వృత్తిపదకోశంలో ప్రత్యేకంగా ఒక సంపుటమే ఉందన్న సంగతి మాస్టారు తరగతిలో చెప్పనే చెప్పారు. నేనే తెరిచి చూడలేదు.

రాతప్రతిని పైకి చదివించడానికి ఆయన రెండు ఆదివారాలు కేటాయించినప్పుడు డబ్బు దండగ అనుకున్నాను. ఇప్పుడు నేను చేసే కత్తిరింపుల్లో సగం గొంతు తడబడిన చోట పడుతున్నవే. ఫారాల లెక్క కూడా ఆ మేడమీదే తెలిసింది: ఫారం అంటే మడిచి పుస్తకంలో కుట్టే అచ్చు కాగితం, ఫారానికి పదహారు పేజీలు కాబట్టి 163 పేజీల పుస్తకంలో మూడు పేజీలు తగ్గించగలిగితే సరిగ్గా పది ఫారాలలో సరిపోతుంది, లేకపోతే మరో అర ఫారం ఖర్చు రచయిత నెత్తిన పడుతుంది.

లోపాలూ తక్కువేమీ కాదు. ఆయన కంప్యూటర్ ముట్టరు. యూనికోడ్‌లో (ఫోన్లలో, ఇంటర్నెట్లో వాడే తెలుగు లిపిలో) ఉన్న ప్రతిని డీటీపీ ఆపరేటరు (పేజీలు కంపోజ్ చేసేవారు) అచ్చుపనిలో వాడే అను ఫాంట్లలోకి మార్చినప్పుడు "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అవుతుందనీ, మార్పిడి తర్వాత మళ్లీ ఆసాంతం చదవక తప్పదనీ నా మొదటి పుస్తకం అచ్చయ్యాకే తెలిసింది. పారితోషికం ఊసు ఎత్తడం ఆయనకు నామోషీ. ఒప్పందం కాగితం మీద రాసుకోవాలని ఎవరూ చెప్పకపోవడం వల్ల ఒక ప్రచురణకర్త నుంచి నాకు రావలసిన సగం సొమ్ము నేటికీ రాలేదు. అనువాదాలు, వ్యాససంపుటాల ఎడిటింగ్‌ను దాదాపుగా తాకలేదు. ప్రతి తరగతీ ముప్పావు గంట ఆలస్యంగా మొదలై, పాత సాహిత్య తగాదాల మీదికి మళ్లేది. (అవి మహా రుచిగా ఉండేవని ఒప్పుకోవాలి.)

పత్రికలోనో ప్రెస్సులోనో ప్రూఫ్‌రీడర్ ఉద్యోగం కోసం నేర్చుకునేవారికి ఈ కార్యశాల అంతగా ఉపయోగపడదు. కథలు, నవలల మీద పనిచేయదలచిన వారు మాత్రం నిస్సంకోచంగా చేరవచ్చు. చేరేవారు తాము పనిచేస్తున్న రాతప్రతి ఒకటి వెంట తీసుకువెళ్లాలి. ఆఖరి ఆదివారం ఆయన ఒక్కొక్కరితో గంటసేపు కూర్చుని దాన్ని పుట పుటా తిరగేస్తారు. నేను వట్టి చేతులతో వెళ్లి, ఆ గంటా పక్కవారి ప్రతిలోకి తొంగిచూస్తూ గడిపాను.