సౌరగాలి సుడులు చదవాలంటే ఆదిత్య మేలా, పార్కర్ మేలా?

సిరొంచ వైపు డిగ్రీ చదివే మన పిల్లలు ప్రాజెక్టుకి సౌరగాలిని, అంటే సూర్యుడి నుంచి ఎడతెగక వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహాన్ని, ఎంచుకుంటే ముందు తలచుకునేది ఆదిత్య-ఎల్1నే. మన ఇస్రోది, అభిమానం ఉండాల్సిందే. కానీ ‘వ్యాకోచిస్తూ చల్లారిపోవాల్సిన ఈ గాలి అనుకున్నంతగా ఎందుకు చల్లారదు?’ అన్నదే ప్రశ్న అయితే నా ఓటు సూర్యుడికి దగ్గరగా వెళ్లే నాసా నౌక పార్కర్‌కే.

ఆ గాలిలోని సుడులు విరిగి ఇచ్చే శక్తే దాన్ని వేడిగా ఉంచుతుందని భావిస్తారు. ఎలాగో ప్రాణహిత గోదావరిలో కలిసే చోట చూడండి. పెద్ద సుడి విరిగి చిన్న సుడులవుతుంది, అవి ఇంకా చిన్నవై నీళ్లలోనే అణిగిపోతాయి. ఆ శక్తి ఏమైందో తెలియాలంటే సంగమం దగ్గరే చూడాలి. రాజమండ్రిలో చూస్తే ఏం లాభం?

ఆదిత్య 2024 జనవరి 6 నుంచి తిరుగుతున్న ఎల్1 చోటు మనకి 15 లక్షల కిలోమీటర్ల దూరమే, సూర్యుడికి మాత్రం దాదాపు 15 కోట్లు. గాలి అక్కడికి చేరేసరికి సుడులు బాగా ముదిరిపోతాయి. పార్కర్ 2024 డిసెంబరు 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దాకా వెళ్లింది. తేడా లెక్కల్లోనూ తెలుస్తుంది: అయస్కాంత క్షేత్రపు ఒడిదుడుకుల్లో ఏ సైజు సుడిలో ఎంత శక్తి ఉందో చూపే గ్రాఫు వాలు భూమి దగ్గర సుమారు 5/3 ఉంటే, సూర్యుడి దగ్గర 3/2కి వస్తుంది. క్షేత్రం ఉన్నట్టుండి వెనక్కి తిరిగే మడతలు కూడా అక్కడ విపరీతం.

పార్కర్‌కీ ఇబ్బందులున్నాయి. దగ్గరగా ఉండేది ప్రతి చుట్టులో కొద్ది రోజులే. పైగా ఒకే నౌక కొలతల్లో మార్పు కాలంతో వచ్చిందా, చోటుతో వచ్చిందా అని విడదీయాలి. మామూలుగా గాలి చాలా వేగంగా దాటిపోతోందని అనుకుని లెక్క కడతారు. సూర్యుడి దగ్గర గాలిలోని అయస్కాంత అలల వేగం కూడా గాలి వేగంతో పోటీపడుతుంది కాబట్టి ఆ లెక్కని జాగ్రత్తగా వాడాలి.

నిజానికి ఈ రెండింటికన్నా మేలైనది జంట కొలత. 2022 ఫిబ్రవరిలో ఒకే గాలి ముందు పార్కర్‌ని, దాదాపు రెండు రోజుల తర్వాత యూరప్ వారి సోలార్ ఆర్బిటర్‌ని దాటింది. మధ్యలో అయస్కాంత అలలు పోగొట్టుకున్న శక్తి, గాలికి అందిన వేడికీ వేగానికీ సరిపోయింది. శక్తి చేతులు మారడాన్ని ఇంత సూటిగా చూపిన కొలతలు అరుదు.

సౌర తుపాను భూమిని ఎప్పుడు తాకుతుందన్నది మీ ప్రశ్నయితే మాత్రం ఆదిత్యని తీసుకోండి. అది కాపలా వదలదు. సుడుల కోసమైతే పార్కర్ అయస్కాంత డేటా నాసా ఉచితంగానే ఇస్తోంది. సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పటి కొన్ని గంటల డేటా తీసుకుని ముందు ఆ వాలు మీరే గీసి చూడండి.