అమ్మ కోసం కొన్న బీపీ మిషను: నాలుగు నెలల వాడకం తరువాత

కావలిలోని ఒక మందుల దుకాణంలో 2,100 రూపాయలకు ఈ డిజిటల్ మిషను కొన్నాం. మణికట్టుకు కట్టేది ఇంకా చవకే గాని, చెయ్యి గుండె ఎత్తు నుంచి కొంచెం దిగినా లేచినా దాని లెక్క మారిపోతుంది కనుక, జబ్బకు కట్టేదే తీసుకున్నాం.

మొదటి వారమంతా పై బీపీ 160కి అటూ ఇటూగా చూపించి ఇంటిల్లిపాదినీ భయపెట్టింది. తప్పు మిషనుది కాదు, పట్టీది. దాని అంచున 22 నుంచి 32 సెంటీమీటర్లు అని అచ్చు వేసి ఉంది. కుట్టుమిషను దగ్గరి టేపుతో కొలిస్తే అమ్మ జబ్బ 35 ఉంది. పట్టీలోని గాలిసంచి జబ్బ చుట్టుకొలతలో దాదాపు 80 శాతం చుట్టుకోవాలి. చిన్నదైతే రక్తనాళాన్ని అదమడానికి ఎక్కువ గాలి పట్టి, బీపీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందరికీ అదే సరిపోతుందని చెప్పి దుకాణంవాళ్లు అమ్మినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే ఆ అంకెలను నమ్మితే అవసరం లేని మాత్ర ఒకటి పెరిగి ఉండేది. నెల్లూరులో పెద్ద పట్టీ విడిగా కొని కట్టిన రోజే అంకె 146కి దిగింది.

మిగిలిన తేడా మా అలవాట్లలో ఉంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని, పప్పులో ఉప్పు వేశానో లేదో అంటూనే చెయ్యి చాచేది. ఇప్పుడు వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, మడిచిన దుప్పటి మీద చెయ్యి గుండె ఎత్తున పెట్టుకుని, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే మీట నొక్కుతున్నాం. కాఫీ తాగితే అరగంట ఆగుతాం. ఉదయం మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, నిమిషం ఎడంతో రెండేసి సార్లు చూసి, వారం పాటు నోటుబుక్కులో రాసి, మొదటి రోజును వదిలేసి సగటు తీస్తే 138/84 వచ్చింది. ఆసుపత్రిలో 140/90 హద్దు అయితే ఇంట్లో 135/85 అని చెప్పి, డాక్టరుగారు ఆ పుస్తకం చూసి మాత్ర పెంచకుండా ఉప్పూ పచ్చళ్లూ తగ్గించమన్నారు.

అంకెలు పెద్దవిగా ఉండటం వల్ల అమ్మ కళ్లద్దాలు లేకుండానే చదువుకుంటుంది. లోపమల్లా, ఇద్దరి లెక్కలను వేరుచేసే మీట లేకపోవడం: నాన్న చూసుకున్నవి కూడా అందులోనే కలిసిపోతున్నాయి. గుండె లయ తప్పి కొట్టుకునేవారికి ఇలాంటి మిషన్ల అంకె నిలకడగా రాదు కాబట్టి, వారు డాక్టరును అడిగాకే కొనాలి. జబ్బ కొలత చీటీ మీద రాసుకుని దుకాణానికి వెళ్లగలిగితే ఈ మిషనును నిస్సంకోచంగా తీసుకోవచ్చు.