చెరువు షెడ్డుకు ఇంటర్నెట్ లాగించేవారికి హెచ్చరిక: రాగి పేరుతో అంటగడుతున్న కేబుల్

భీమవరం చుట్టుపక్కల ఇంటి నుంచి రొయ్యల చెరువు గట్టు మీది మోటారు షెడ్డుకు గాని, కొబ్బరి తోటలోని మకానికి గాని ఇంటర్నెట్ లాగించుకోవాలనుకుంటున్నవారు కేబుల్ కొనే ముందు దయచేసి ఇది చదవండి.

రాత్రిపూట ఏరియేటర్లు ఆగిపోతే ఆక్సిజన్ అందక తెల్లవారేసరికి రొయ్యలు తేలిపోతాయి కనుక, షెడ్డులో కెమెరా పెట్టి ఇంట్లోంచే చూసుకోవాలన్నది మా ఉద్దేశం. దూరం 120 మీటర్లకు పైనే ఉంటుందని దుకాణంలో ముందే చెప్పాం. అయినా దుకాణదారు, పెట్టె మీద 'స్వచ్ఛమైన రాగి' అని అచ్చువేసిన క్యాట్ 6 రకం ఇంటర్నెట్ కేబుల్ చూపించి, కరెంటు కూడా అందులోంచే కెమెరాకు వెళుతుందని, ఎంత దూరమైనా ఢోకా లేదని నమ్మబలికి, కొబ్బరి చెట్ల మీదుగా లాగించాడు.

కొన్నాళ్లకే కెమెరా పగలంతా పనిచేసి, చీకటి పడి దానిలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఆగిపోవడం మొదలైంది. ఆ దీపాలు వెలిగినప్పుడు కెమెరా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. అంత కరెంటును ఆ కేబుల్ మోయలేకపోయింది. షెడ్డు వైపు కనెక్టర్ కత్తిరించి తీగను బ్లేడుతో గీకితే పైన పలుచగా రాగి పూత, లోపలంతా తెల్లటి అల్యూమినియం కనిపించింది. ఉప్పుగాలికి తీగ కొసన తెల్లటి పొడి పట్టి ఉంది. ఇళ్లలోపల వాడే రకం కావడంతో పైతొడుగు కూడా ఎండకు బీటలు వారింది. రాగి కంటే ఇటువంటి తీగకు నిరోధం సగానికి పైగా ఎక్కువ కాబట్టి దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. మరో సంగతి, అసలైన రాగి కేబులైనా ఈథర్నెట్‌కు, అంటే ఇలా తీగ ద్వారా నడిచే నెట్‌వర్క్‌కు, ప్రామాణిక పరిమితి 100 మీటర్లే. ఇది తెలిసిన దుకాణదారు చెప్పకుండా ఉండటం అన్యాయం.

అడగబోతే పిడుగు వల్ల పాడైందని, వారంటీ వర్తించదని అన్నాడు. పిడుగుకు తీగ లోపల అల్యూమినియం ఎలా పుట్టుకొస్తుంది?

ఇంత దూరానికి ఫైబర్ (గాజు పోగులో కాంతి రూపంలో సిగ్నల్ పంపే కేబుల్) వేయించుకుని, రెండు చివర్లా ఆ కాంతిని మామూలు కేబుల్ సిగ్నల్‌గా, తిరిగి కాంతిగా మార్చే మీడియా కన్వర్టర్లు పెట్టించి, కెమెరాకు కరెంటు షెడ్డులోంచే ఇప్పించడం మేలు. గాజు పోగులో విద్యుత్తు ప్రవహించదు కనుక, వేసవి గాలివానల్లో ఒక చివర పిడుగు పోటు తగిలినా ఆ పోగు వెంబడి రెండో చివర రౌటర్‌కు పాకదు. అయితే కొన్ని ఫైబర్ కేబుళ్లకు ఆధారంగా ఉక్కు తీగ ఉంటుంది. అది పరికరాలకు తగలకుండా ముందే కత్తిరించమనండి. గాలిలో సిగ్నల్ పంపే యాంటెన్నాల జత అమ్మజూపితే, మధ్యలో కొబ్బరి మట్టలు ఊగే చోట దాన్ని నమ్ముకోవద్దు.

తక్కువ దూరానికి రాగి కేబులే కొంటున్నవారు, దుకాణంలోనే ఒక ముక్క కోయించి గీకి చూడండి. బిల్లు మీద 'కేబుల్' అని ఊరుకోకుండా 'పూర్తి రాగి, ఆరుబయట వాడే రకం' అని రాయించుకోండి. మా బిల్లులో ఆ మాట లేదని దుకాణదారు వాదిస్తున్నాడు గాని, పెట్టె మీది అచ్చును, కోసిన ముక్కను భద్రపరచి జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాం.