ప్లెథరా, సర్‌ప్లస్, గ్లట్, సర్ఫిట్: మోతాదు మించిందని చెప్పడానికి ఏది మేలు?

పోటీ పరీక్షల వ్యాసాల్లోనూ ఆఫీసు మెయిళ్లలోనూ ‘ఎక్కువ’ అనాల్సిన చోటల్లా మనవాళ్లు ప్లెథరా రాసేస్తున్నారు. బరువైన మాట అని దాని మీద మోజు. నిజానికి ఈ నాలుగింటిలో అతి తక్కువ చోట్ల అతికేది అదే.

ప్లెథరా గ్రీకు నుంచి వచ్చింది. ‘నిండుగా ఉండటం’ మూలార్థం. లాటిన్ మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు అది వైద్యుల మాట: ఒంట్లో రక్తం ఎక్కువైపోవడమనే జబ్బు. క్రీ.పూ. 3వ శతాబ్దపు వైద్యుడు ఎరసిస్ట్రాటస్ రోగాలకు ఈ నిండుతనమే ముఖ్య కారణమని నమ్మి, పస్తులు పెట్టి తగ్గించాలన్నాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో మరో వైద్యుడు గేలెన్ ఆ పస్తుల వైద్యాన్ని గట్టిగా ఖండించి, సిర కోసి రక్తం తీయాల్సిందేనన్నాడు. వైద్యం మీద తగువు పడ్డారు గానీ, ప్లెథరా చెడ్డదన్న దాంట్లో ఇద్దరిదీ ఒకటే మాట. ఎర్ర రక్తకణాలు మితిమీరి ముఖం ఎర్రబారితే డాక్టర్లు ఇప్పటికీ ప్లెథోరిక్ అంటారు.

అందుకే ‘మీ సంస్థలో ప్లెథరా ఆఫ్ అవకాశాలు ఉన్నాయి’ అని దరఖాస్తులో రాస్తే, మాటలు పట్టి చదివేవారికి అవి మరీ ఎక్కువయ్యాయన్నట్టు తోస్తుంది. నిఘంటువులు ‘సమృద్ధి’ అన్న అర్థాన్నీ ఒప్పుకున్నాయి కాబట్టి తప్పనలేం. అయినా మంచి విషయానికి మెనీ చాలు. ఏది ఎంచుకోవాలో తోచనన్ని ఫారాలు, నిబంధనలు, యాప్‌లు ఉన్నప్పుడు ప్లెథరా సరిగ్గా కూర్చుంటుంది. దాని తర్వాత బహువచన నామం వస్తే క్రియ కూడా సాధారణంగా బహువచనమే. పలికేటప్పుడు ఊనిక ‘ప్లె’ మీద. ప్లెథోరా అని సాగదీయకండి.

సర్‌ప్లస్‌లో మంచీ చెడూ లేవు, ఉన్నది తీసివేత ఒక్కటే. లాటిన్‌లో సూపర్ అంటే పైన, ప్లస్ అంటే మరింత. ఉన్నదెంత, కావలసిందెంత అన్న రెండు అంకెలూ తెలిసిన చోటే అది వాడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1973 భూసంస్కరణల చట్టం కింద పరిమితికి మించి తేలిన పొలం సర్‌ప్లస్ ల్యాండ్, మన మిగులు భూమి. బడ్జెట్, కరెంటు, సరుకు నిల్వ, సిబ్బంది లెక్కలన్నిటికీ ఇదే తగును. సమస్యలకు మాత్రం వాడొద్దు, వాటికి ‘కావలసినంత’ అనే లెక్క ఉండదు.

గ్లట్ మింగడం నుంచి పుట్టింది. తిండిపోతును చెప్పే గ్లటన్ దీని తోబుట్టువు. ఇది సంతలో మాట. సరుకు పోటెత్తి ధర పడిపోతేనే గ్లట్. దేశమంతటా అన్ని సరుకులకూ ఒకేసారి ఇలా జరగవచ్చని 1820లో ఆర్థికవేత్త మాల్థస్ వాదిస్తే మరో ఆర్థికవేత్త రికార్డో ఒప్పుకోలేదు. మదనపల్లె మార్కెట్‌లో టమాటా రేటు కోత కూలికి కూడా చాలక, రైతు కాయను చేలోనే వదిలేసే స్థితికి సర్‌ప్లస్ అని రాస్తే నష్టం కనబడదు. అక్కడ గ్లట్ అనే రాయాలి.

సర్ఫిట్ ఫ్రెంచి మాట, ‘అతిగా చేయడం’ అని. మోతాదు కంటే ఆ తర్వాత వచ్చే వెగటు ఇందులో ముఖ్యం. ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ 1135లో వైద్యుడు వద్దన్నా లాంప్రే చేపలు తిని మరణించాడని ఆనాటి చరిత్రకారుడు రాశాడు. ఆ చావును ఇంగ్లీషువాళ్లు ఈ మాటతోనే చెప్పుకుంటారు. సినిమా సమీక్షలో పాటలు మొహం మొత్తాయనడానికి బాగుంటుంది, ఆఫీసు నివేదికలో ఎబ్బెట్టు. పలకడం సర్ఫిట్, సర్ఫీట్ కాదు.

ఒక్కటే గట్టిగా నేర్చుకోవాలంటే సర్‌ప్లస్ నేర్చుకోండి. ధర మితిమీరిందని చెప్పడానికి మాత్రం ఈ నాలుగూ పనికిరావు. దానికి ఎగ్జార్బిటెంట్ ఉంది: లాటిన్‌లో ఆర్బిటా అంటే బండి చక్రం పడే గాడి, అది తప్పినదని అర్థం. స్పెల్లింగులో ఎక్స్ తర్వాత హెచ్ చేర్చడం తరచుగా జరిగే పొరపాటు.