బోటు బ్యాటరీకి ఇంట్లో కట్టుకునే కెపాసిటీ టెస్టర్: ఏ పార్టు ఎంతవరకు నమ్మొచ్చు

వైరు మధ్యలో కలిపే ఇన్‌లైన్ వాట్ మీటరు, వోల్టేజీ మరీ పడిపోతే కరెంటు తెంచేసే లో వోల్టేజ్ కటాఫ్ బోర్డు, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు. బ్యాటరీలో నిజంగా ఎంత ఛార్జ్ నిలుస్తుందో కొలిచే టెస్టరంటే ఈ మూడే. మీటరు బాగుంది. కటాఫ్ బోర్డును వచ్చిన సెట్టింగుతోనే వాడితే పరీక్ష పాడవుతుంది. లోడుగా (బ్యాటరీ నుంచి కరెంటు లాగే వస్తువుగా) ఎవరూ అమ్మని బల్బే మూడింట్లోకి నమ్మకమైనది.

100 ఏహెచ్ (యాంప్ అవర్) అని రాసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ సాధారణంగా 5 యాంపుల చొప్పున 20 గంటల్లో 10.5 వోల్టులకు దిగాలి. లేబుల్ మీది అంకెకు అర్థం అదే. 55 వాట్ల ఫిలమెంట్ మొదట్లో సుమారు 4.7 యాంపులు, చివర్లో 4.3 లాగుతుంది. వోల్టేజీ పడిపోయేకొద్దీ ఫిలమెంట్ చల్లబడి రెసిస్టెన్స్ తగ్గుతుంది కాబట్టి, మామూలు రెసిస్టరు కంటే కరెంటు నిలకడగా ఉంటుంది. వేడి మాత్రం గట్టిది. చెక్క మీద వద్దు, టైలు మీద బిగించాలి.

ఈ రకం మీటరుతో ఒకటే చిక్కు: సప్లై పోగానే ఏహెచ్ లెక్క చెరిగిపోతుంది. కటాఫ్ బోర్డును మీటరుకు ముందు పెట్టారో, రాత్రంతా నడిచిన పరీక్ష పొద్దున చూస్తే ఖాళీ డిస్‌ప్లే! బ్యాటరీ ప్లస్, దాని పక్కనే 15 యాంప్ ఫ్యూజు, తర్వాత మీటరు, తర్వాత కటాఫ్, స్విచ్, బల్బు. ఈ వరసలో కడితే లోడు తెగినా లెక్క తెర మీదే ఉంటుంది.

ఇక కటాఫ్ బోర్డు. లోడు తీయగానే బ్యాటరీ 10.5 నుంచి 11.5 పైకి లేస్తుంది. తిరిగి కలిపే వోల్టేజీ అంతకంటే తక్కువలో ఉంటే రిలే (బోర్డులో కరెంటును కలిపి తెంచే భాగం) టక్ టక్‌మని కొట్టుకుంటూ బ్యాటరీని పిండుతూనే ఉంటుంది. ఆ సెట్టింగ్ 13.5కి పెంచండి. చల్లగా ఉన్న బల్బు వెలిగే క్షణంలో దాదాపు పది రెట్లు కరెంటు లాగుతుంది, ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. స్విచ్ పెట్టేది అందుకే: ముందు రిలే కలవాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. టెస్టరును వదిలి వెళ్లేముందు కటాఫ్‌ను ఒకసారి 13కి పెంచి బల్బు ఆరుతోందో లేదో చూసి, మళ్లీ 10.5కి దించండి.

కిట్లతో వచ్చే సన్న వైర్లు, మొసలి క్లిప్పులు పక్కన పడేయడమే మేలు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు రెండు మీటర్లు లాగితే రానూపోనూ 0.14 వోల్టు వైర్లోనే పోతుంది. బ్యాటరీ ఇంకా 10.64 దగ్గర ఉండగానే బోర్డు తెంచేస్తుంది. 4 స్క్వేర్ ఎంఎం వైరు, అర మీటరు, రింగ్ టెర్మినళ్లు వాడితే ఈ నష్టం 0.02కి దిగుతుంది. లోడు మీద ఉన్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు పెట్టి, బోర్డు చూపే అంకెతో ఒకసారి పోల్చండి.

పూర్తిగా ఛార్జ్ చేసి ఒక రాత్రి వదిలేశాక 12.6కి తక్కువ ఉంటే పరీక్ష మొదలుపెట్టొద్దు. తొందరపడి రెండు బల్బులు పెట్టేవాళ్లు చాలామంది. 10 యాంపుల దగ్గర నిక్షేపంలాంటి బ్యాటరీ కూడా 87 ఏహెచ్ దగ్గరే ఆగిపోవచ్చు, అది బ్యాటరీ లోపం కాదు. ఒకే బల్బుతో, 25 డిగ్రీల దగ్గర 80 ఏహెచ్ కంటే తక్కువ వస్తేనే మార్చే ఆలోచన చేయాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు ఈ బాధ లేదు, రెండు బల్బులు పెట్టినా లెక్క పెద్దగా మారదు.

పరీక్ష అయిన రోజే తిరిగి ఛార్జింగ్ పెట్టాలి, లేకపోతే ప్లేట్లకు సల్ఫేట్ పడుతుంది. ఇంజను స్టార్టింగ్ బ్యాటరీకి ఈ టెస్టర్ అసలు తగిలించొద్దు. దాని ప్లేట్లు పల్చన, 10.5 దాకా దించితే ఆయుష్షు తగ్గుతుంది. దానికి బ్యాటరీని ఖాళీ చేయకుండానే పరీక్షించే, చేతిలో పట్టుకునే కండక్టెన్స్ టెస్టరే సరి.