హెడ్‌ఫోన్స్‌కి తోడుగా కుర్చీ కింద బేస్ షేకర్: డేటన్ ఆడియో బీఎస్‌టీ-1

మంచి హెడ్‌ఫోన్స్ 30 హెర్ట్జ్ శబ్దాన్ని కూడా చెవికి శుభ్రంగానే వినిపిస్తాయి. అయినా థియేటర్‌లో ఉండే ఊపు రాదు. బేస్‌ని మనం చెవితో పాటు ఒంటితోనూ అందుకుంటాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒంటికి ఏమీ చేరదు. ఆ వెలితి పూడ్చడానికి చాలామంది ఈక్వలైజర్‌లో బేస్ పెంచుకుంటూ పోయి చెవులు పాడుచేసుకుంటారు. కుర్చీకి బిగిస్తే బేస్‌కి తగ్గట్టు దాన్ని ఊపే షేకర్ ఉంటే ఆ అవసరం తగ్గుతుంది. బెంగళూరులో మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ రాత్రిపూట సబ్‌వూఫర్ పెట్టలేని మనవాళ్లు దీని మీద నిశ్చింతగా డబ్బు పెట్టొచ్చు. అయితే ఫలితంలో ఎక్కువ భాగం బిగింపుది, సిగ్నల్‌ది. ఆ రెండూ కుదరకపోతే ఎంత ఖరీదైన షేకర్ అయినా కుర్చీని గరగరలాడించడం తప్ప ఏమీ చేయదు.

బీఎస్‌టీ-1 నాలుగు ఓమ్‌ల వస్తువు. 50 వాట్ల ఆర్ఎంఎస్ (అంటే ఆగకుండా ఇచ్చే పవర్) తట్టుకుంటుంది, 10 నుంచి 80 హెర్ట్జ్ దాకా దాని పరిధి. లోపల స్పీకర్‌లో లాగే కాయిల్, అయస్కాంతం ఉంటాయి, కోన్ మాత్రం ఉండదు. కాయిల్‌లో కరెంటు పారినప్పుడు లోపలి బరువు ఊగుతుంది, ఆ ఊపు దేనికి బిగిస్తే దానికి ఎక్కుతుంది. అంటే గట్టిగా బిగించని చోట ఇది పనిచేయదు. డబుల్ సైడ్ టేపు, జిప్ టైలు, కుషన్ కింద దూర్చడం, ఇవేవీ వద్దు. ఫోమ్ ఆ ఊపంతా మింగేస్తుంది.

మామూలు ఆఫీసు కుర్చీని తిరగేస్తే సీటు అడుగున ప్లైవుడ్ చెక్క, దానికి నాలుగు బోల్టులతో బిగించిన ఇనుప ప్లేటు కనిపిస్తాయి. షేకర్ ఆ చెక్కకే ఎక్కాలి, వెన్నువైపు ఖాళీ ఉన్న చోట. అక్కడ చోటు చాలకపోతే 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క ఒకటి కోయించి, దాన్ని సీటు చెక్కకీ ఇనుప ప్లేటుకీ మధ్య ఇరికించి, వెనక్కి పొడుచుకు వచ్చిన భాగానికి షేకర్ బిగించండి. పాత బోల్టులు అప్పుడు పొడవు చాలవు, 18 ఎంఎం ఎక్కువ పొడవున్నవి తెచ్చుకోండి. చెక్క స్క్రూలు కొన్నాళ్లకి ఊడొస్తాయి. బోల్టు, స్ప్రింగ్ వాషర్, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) వాడితే ఊడదు. సీటు కూడా నెట్‌దే అయిన కుర్చీకి ఇది నప్పదు, ఊపు ప్లాస్టిక్ ఫ్రేములోనే ఉండిపోతుంది.

బిగించాక 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే సైన్ టోన్ ఒకటి వేసి, కుర్చీలో కూర్చోకుండా పక్కన నిలబడి వినండి. ఏ హెర్ట్జ్ దగ్గర ఏది గరగరమంటుందో తెలిసిపోతుంది. సాధారణంగా కుర్చీ చేతుల స్క్రూలు, లేదా గ్యాస్ సిలిండర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు. స్క్రూలకి నీలం రంగు థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు, తొడుగైతే తీసి పక్కన పెట్టేయడమే.

ఆంప్లిఫయర్ కోసం టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న బోర్డు సరిపోతుంది. ఎస్పీ రోడ్‌లో దొరుకుతుంది. చిక్‌పేట్ మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, మామూలు రోజున వెళ్లండి. బేస్ షేకర్ అని అడిగితే అర్థం కాకపోవచ్చు, సబ్‌వూఫర్‌కి ఆంప్ బోర్డు కావాలనండి. డబ్బా మీద వంద వాట్లని రాసి ఉంటే నమ్మకండి, అసలు లెక్క అడాప్టర్ వోల్టేజీలో ఉంది. 12 వోల్టులిస్తే నాలుగు ఓమ్‌ల మీద 18 వాట్లకు మించి రావు. 19 వోల్టులిస్తే 45 దాకా వస్తాయి, ఈ షేకర్‌కి అది సరిగ్గా సరిపోతుంది. ఈ బోర్డుల స్పీకర్ మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు. దాన్ని గ్రౌండ్‌కి కలిపినా, రెండు ఛానెళ్ల మైనస్‌లని ఒకదానికొకటి కలిపినా చిప్ దెబ్బతినొచ్చు.

ఇక సిగ్నల్. తేలిక దారి ఒక వై స్ప్లిటర్. హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఒక కొమ్మ చెవులకి, ఒక కొమ్మ ఆంప్‌కి. స్టీరియోని మోనో చేయడానికి ఎడమ, కుడి తీగల్ని నేరుగా ముడేయకండి, రెండింటికీ చెరొక ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి కలపండి. ఆంప్‌కి ముందు 80 హెర్ట్జ్‌కి పైనున్న శబ్దాల్ని కోసే లో-పాస్ ఫిల్టర్ తప్పనిసరి. మగవాళ్ల గొంతు సుమారు 85 హెర్ట్జ్ నుంచే మొదలవుతుంది. ఫిల్టర్ లేకపోతే న్యూస్ చదివే మనిషి గొంతు కూడా నడుముకి తగులుతుంది, చాలా చిరాకు.

స్ప్లిటర్‌తో ఇంకో నష్టం ఉంది. 5.1 (ఆరు ఛానెళ్ల) సినిమా ఫైలుని ప్లేయర్ స్టీరియోకి కుదించేటప్పుడు చాలాసార్లు లోతు బేస్‌కే కేటాయించిన ఎల్ఎఫ్ఈ ఛానెల్‌ని వదిలేస్తుంది. పేలుళ్లు, ఉరుములు ఉండేది అందులోనే. విండోస్‌లో లావ్ ఆడియో డీకోడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి మిక్సింగ్ ట్యాబ్‌లో ఎల్ఎఫ్ఈ స్థాయి పెంచుకునే వీలుంది.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి అంతకన్నా మంచి దారి మదర్‌బోర్డు వెనకే ఉంది. విండోస్‌లో సౌండ్‌ని 5.1కి మార్చి, హెడ్‌ఫోన్స్ ఆకుపచ్చ జాక్‌లో, ఆంప్ నారింజ రంగు జాక్‌లో పెట్టండి. ఆ జాక్‌లో సెంటర్, సబ్ రెండూ ఉంటాయి, సబ్ తీగ ఒక్కటే ఆంప్‌కి వెళ్లాలి. మాటలు వినిపిస్తున్నాయంటే తీగలు తారుమారయ్యాయి. తర్వాత ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత విండోస్ సాఫ్ట్‌వేర్‌లో ఎడమ, కుడి ఛానెళ్లని సగం సగం సబ్‌లో కలిపి, సబ్‌కి మాత్రమే 80 దగ్గర లో-పాస్, 20 దగ్గర హై-పాస్ (అంతకన్నా కిందివి కోసేది) పెట్టండి. దీంతో ఫిల్టర్ బోర్డు ఖర్చు మిగులుతుంది, పాటలకి స్టీరియో బేస్, గేములకి అసలు ఎల్ఎఫ్ఈ రెండూ అందుతాయి. ఒక్క చిక్కు: సెంటర్ ఛానెల్‌ని కూడా ఎడమ, కుడిలోకి కలపాలి, లేకపోతే సినిమాలో డైలాగులు వినిపించవు.

షేకర్ కట్టుకున్నవాళ్లని ఎక్కువగా ఏడిపించేది హమ్, అంటే కరెంటు నుంచి వచ్చే గుయ్‌మనే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్. అది సరిగ్గా షేకర్ పరిధి నడిబొడ్డున పడుతుంది, కాబట్టి చెవికి వినపడనంత హమ్ కూడా కుర్చీలో సన్నని జిలలా తెలుస్తుంది. పీసీ ఎర్త్, ఆంప్ అడాప్టర్ ఎర్త్ వేర్వేరు దారుల్లో కలిసినప్పుడు ఇది వస్తుంది. పాత ల్యాప్‌టాప్ మూడు పిన్నుల అడాప్టర్ వాడితే ఎక్కువగా ఇదే సమస్య. ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. పోకపోతే ఆంప్‌కి రెండు పిన్నుల 19 వోల్టుల అడాప్టర్ కొనండి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం ప్రాణం మీదికి తెస్తుంది, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. ఆడియో తీగ మధ్యలో పెట్టే చౌక గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ హమ్‌ని తీసేస్తుంది కానీ అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మనకి కావలసిన లోతు బేస్‌ని కూడా పట్టుకుపోతుంది.

స్థాయి ఎంత పెట్టాలి? బాస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్. ఈ షేకర్ 40 హెర్ట్జ్‌కి అటూఇటూ తనంతట తానే ఎక్కువ ఊగుతుంది, అందుకే ఆ ఒక్క స్వరం మిగతావాటిని తొక్కేస్తుంది. సబ్ ఛానెల్‌లో 40 దగ్గర ఆరు డెసిబెల్స్ తగ్గిస్తే బాస్ గిటార్ నడక మెట్టు మెట్టుగా తెలుస్తుంది. నిజంగా ఈ వస్తువు అందం అక్కడే ఉంది. ఆ తర్వాత వాల్యూమ్‌ని షేకర్ ఉందని గుర్తురానంత దాకా తగ్గించండి. ఆంప్ ఆపేసినప్పుడు పాట ఒక్కసారిగా పలచబడితే అది సరైన స్థాయి. టకటకమని లోహం తగిలే చప్పుడు వస్తే లోపలి బరువు హద్దు దాటి కొట్టుకుంటోంది, వెంటనే తగ్గించాలి. సినిమా పాటలకి, రేసింగ్ గేములకి, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ సాధనకి దీని విలువ బాగా తెలుస్తుంది. కచేరీ రికార్డింగులకి పెద్దగా అవసరం లేదు.

శబ్దం లేదు కదా అని కింది ఫ్లాట్‌ని మరిచిపోకండి. చక్రాల ద్వారా ఊపు టైల్స్‌లోకి, అక్కడి నుంచి స్లాబ్‌లోకి దిగుతుంది. చక్రం పక్కన నేల మీద స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టి 30 హెర్ట్జ్ టోన్ వేయండి. నీళ్ల మీద వలయాలు కనబడితే కింద వాళ్లకి తెలుస్తోందన్నమాట. చక్రాలు తీసేసి స్థిరమైన కాళ్లు బిగించి, వాటి కింద వాషింగ్ మెషీన్‌కి వాడే రబ్బరు ప్యాడ్లు పెడితే చాలావరకు తగ్గుతుంది. జిమ్ మ్యాట్ ఒక్కటే సరిపోదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్సే వాడేవాళ్లు దీని జోలికి రాకపోవడం మేలు. శబ్దం ఆలస్యంగా వస్తుంది, దెబ్బ ముందే నడుముకి తగులుతుంది, రెండూ కలవవు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా కూర్చోవద్దు. కుర్చీకి రంధ్రాలు వేయడం ఇష్టం లేకపోతే కుర్చీ నడిమి గొట్టానికి క్లాంపుతో పట్టే బట్‌కిక్కర్ గేమర్ రకాలున్నాయి. ఆంప్ కూడా దాంతోనే వస్తుంది, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. బయట నుంచి తెప్పిస్తుంటే ఆంప్ 230 వోల్టులదో కాదో చూసి ఆర్డర్ పెట్టండి.