నైరోబీ చుట్టుపక్కల హాఫ్ డే ట్రిప్పులు: "అన్నీ ఒకే రోజు" ప్యాకేజీ మాత్రం తీసుకోకండి

దసరా సెలవులకి కెన్యా రాజధాని నైరోబీ వెళ్లొచ్చాం. మా తమ్ముడు అక్కడ మూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు, రమ్మని పిలుస్తూనే ఉన్నాడు, ఈసారి కుదిరింది. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తమ్మ. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకని మసాయి మారా సఫారీ పెట్టుకోలేదు, రోడ్డు మీద ఐదారు గంటలు కూర్చోవడం ఆమె వల్ల కాదు. సిటీలోనే ఉండి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసే చిన్న చిన్న ట్రిప్పులే చేశాం. నిజం చెప్తున్నా, మారా మిస్సయ్యామన్న బాధ ఒక్క పూట కూడా కలగలేదు.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకుండా ఉంటారు. ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ ప్యాకేజీ బుక్ చేశాం, ఒకే రోజులో నేషనల్ పార్క్, ఏనుగు పిల్లలు, జిరాఫీలు, మ్యూజియం, షాపింగ్, అన్నీ. మనిషికి ఇంత అని రేటు. పొద్దున ఐదున్నరకి వస్తానన్న బండి ఆరుంబావుకి వచ్చింది, గేటు దగ్గర టికెట్ల గొడవ తేలేసరికి ఎండ వచ్చేసింది, పార్కులో జంతువులన్నీ పొదల్లోకి వెళ్లిపోయాయి, మాకు కనిపించినవి జీబ్రాలు, నాలుగు జింకలు. ఏనుగుల దగ్గరికి వెళ్లేసరికి 11:35. అక్కడ విజిటర్లకి టైమ్ 11 నుంచి 12 దాకానే, అంటే మాకు మిగిలింది పాతిక నిమిషాలు, అదీ జనం వెనకాల నిలబడి. జిరాఫీల దగ్గర పావుగంట. కానీ మధ్యలో బొమ్మలు, చెక్క సామాన్లు అమ్మే షాపులో మాత్రం నలభై నిమిషాలు ఆపారు! మేము ఏమీ కొనం అన్నా "చూడండి, చూడండి" అంటూ తిప్పారు. సాయంత్రానికి అత్తమ్మ కాళ్లు వాచిపోయాయి, బాబు బండిలోనే నిద్రపోయాడు. ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ.

రాత్రి మా తమ్ముడు వాళ్ల ఆఫీసులో వాళ్లని అడిగి ఒక డ్రైవర్ కమ్ గైడ్‌ని మాట్లాడాడు. సొంత బండి, పైకప్పు లేచే ల్యాండ్ క్రూజర్, నిలబడి చూడొచ్చు. ఆయన రేటు మనిషికి కాదు, బండికి, పూటకి ఇంత అని. నలుగురైదుగురు ఉంటే ఈ లెక్కే చాలా చవక, కంపెనీల సైట్లలో ఈ తేడా ఎవరూ చెప్పరు. ఆయన మొదటి మాటే "ఒక పూటకి ఒకటే చూద్దాం" అన్నాడు. మిగతా నాలుగు రోజులూ అలాగే చేశాం, ఫైవ్ స్టార్లు ఇస్తున్నది వీటికే.

నేషనల్ పార్క్‌కి మళ్లీ వెళ్లాం. మళ్లీ టికెట్టా అని మా ఆయన కాస్త గునిశాడు గానీ ఆ పొద్దున తర్వాత ఒక్క మాట అనలేదు. పొద్దున్నే ఆరింటికి గేటు తీసే టైమ్‌కే మేము లాంగాటా రోడ్ మెయిన్ గేట్ దగ్గర ఉన్నాం. చలి బాగా ఉంది, నైరోబీ సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది కదా, ఆఫ్రికా అంటే ఎండలే అనుకుని స్వెట్టర్లు తేకపోతే ఇబ్బంది పడతారు. ఈ పార్కు 1946లో పెట్టారు, కెన్యాలో మొట్టమొదటి నేషనల్ పార్కు, 117 చదరపు కిలోమీటర్లు, సిటీ సెంటర్ నుంచి ఏడు కిలోమీటర్లే. మూడు వైపులా కరెంటు ఫెన్సింగ్, దక్షిణం వైపు మాత్రం వదిలేశారు, జంతువులు అటు మైదానాల్లోకి వెళ్లి వస్తుంటాయి. కేబీఆర్ పార్కులో నెమలి కనిపిస్తేనే ఫోన్లు బయటకి తీసే మనకి ఇది ఎలా ఉంటుందో ఊహించుకోండి.

లోపలికి వెళ్లిన ఇరవై నిమిషాలకి గైడ్ బండి ఇంజిన్ ఆపేసి చెయ్యి పెదాల మీద పెట్టుకున్నాడు. రోడ్డు పక్కనే గడ్డిలో ఆడసింహం. మొదట నాకు కనబడనే లేదు, రంగు గడ్డిలో కలిసిపోయింది, చెవి కదిలితే అప్పుడు తెలిసింది. అది లేచి మా బండి పక్కనుంచే నడిచింది, ఎంత దగ్గరంటే పొట్ట కింద మంచుకి తడిసి అంటుకుపోయిన వెంట్రుకలు కనిపించాయి, ముక్కు మీద పాత గాటు, భుజం ఎముకలు ఒకటి తర్వాత ఒకటి పైకి లేచి దిగడం. మనవైపు చూడను కూడా చూడలేదు. దాని వెనకాల దూరంగా సిటీ టవర్లు, ఇంకోపక్క విమానం దిగుతోంది. బాబు నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇంకా గుర్తుంది, గోళ్లు దిగాయి.

తర్వాత ఖడ్గమృగాలు. అక్కడ నల్లవీ ఉన్నాయి, తెల్లవీ ఉన్నాయి, కానీ రంగు చూసి తేడా పోల్చలేం, రెండూ మట్టి రంగే. మూతి చూడాలి అని గైడ్ చెప్పాడు: నల్లదానికి పై పెదవి కొక్కెంలా సన్నగా ఉంటుంది, పొదల కొమ్మలు పట్టి లాక్కుని తింటుంది, తెల్లదానికి మూతి వెడల్పు, గడ్డి మేస్తుంది. ఇది విన్న తర్వాత బాబు ప్రతి ఖడ్గమృగానికీ మూతి చూసి వాడే చెప్పడం మొదలుపెట్టాడు. గైడ్ మంచివాడైతే ట్రిప్పు ఇలా ఉంటుంది, ముందురోజు డ్రైవర్ "రైనో, ఫోటో" అని మాత్రమే అనేవాడు, అదీ ఎక్కడో చుక్కలా ఉన్నదాన్ని చూపించి.

ఏనుగులు ఏవీ అని అత్తమ్మ అడిగింది. ఈ పార్కులో పెద్ద ఏనుగులు ఉండవు, వాటికి ఈ చోటు చాలదు. దానికి బదులు గైడ్ ఒక చోటికి తీసుకెళ్లాడు, అక్కడ బండి దిగొచ్చు. 1989లో అప్పటి ప్రెసిడెంట్ డేనియల్ అరప్ మోయ్ వేటగాళ్ల దగ్గర పట్టుకున్న 12 టన్నుల ఏనుగు దంతాలు కాల్పించింది అక్కడే, 2016లో మళ్లీ 105 టన్నులు కాల్చారు. ఆ బూడిద కుప్ప ఇంకా అలాగే ఉంచారు. ఇదంతా అమ్మితే ఎంత డబ్బు వచ్చేదో అని మా ఆయన అన్నాడు. "అమ్మితే ఇంకా సంపుతరు గద బిడ్డా" అంది అత్తమ్మ. గైడ్ ఏమన్నదని అడిగితే చెప్పాను, ఆయన అత్తమ్మ వైపు తిరిగి చాలాసేపు తల ఊపాడు.

మర్చిపోయా, ఆయన అత్తమ్మని మొదటి నుంచీ "మామా" అనే పిలిచాడు. స్వాహిలీలో మామా అంటే అమ్మ. మా బాబు పడీపడీ నవ్వాడు, నానమ్మని మామా అంటున్నాడని! రెండో రోజుకి అత్తమ్మే "మామ పిలిచింది అని చెప్పు" అనడం మొదలెట్టింది. బండి దిగేటప్పుడు ప్రతిసారీ ఆయన చిన్న పీట తెచ్చి వేసేవాడు, "పోలే పోలే" అనేవాడు, మెల్లగా మెల్లగా అని. అడక్కుండానే చేశాడు, దీనికి నేను ఎన్ని స్టార్లు ఇచ్చినా తక్కువే.

ఏనుగు పిల్లల దగ్గరికీ రెండోసారి వెళ్లాం. షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ వాళ్లది, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యాలి, స్లాట్లు తొందరగా అయిపోతాయి, కాబట్టి విమానం టికెట్లు కొన్న రోజే ఇదీ బుక్ చేసేయండి. మా రెండో స్లాట్ మా తమ్ముడు ముందే తన కోసం తీసి పెట్టుకున్నది, అదృష్టం. ఈసారి పదిన్నరకే వెళ్లి తాడు పక్కన ముందు వరసలో నిలబడ్డాం. తల్లులు చనిపోయిన పిల్లలు ఇవి, కొన్నిటి తల్లుల్ని దంతాల కోసం చంపేశారు, కొన్ని బావుల్లో పడి దొరికాయి. 1977లో డాఫ్నీ షెల్డ్రిక్ అనే ఆవిడ తన భర్త పేరు మీద ఈ ట్రస్ట్ పెట్టింది. ఏనుగు పిల్లలకి ఆవు పాలు పడవు, ఏ పాలు పట్టినా బతికేవి కావు, ఆవిడ ఏళ్ల తరబడి ప్రయత్నించి ఒక పాల ఫార్ములా తయారుచేసింది. అందులో కలిపింది ఏంటో తెలుసా, కొబ్బరి నూనె! అత్తమ్మ ఇది విని ఎంత సంబరపడిందో.

పదకొండు కాగానే పొదల్లోంచి ఒకదాని వెనకాల ఒకటి పరిగెత్తుకుంటూ వచ్చాయి. కొన్నిటి వీపు మీద రంగు దుప్పట్లు కట్టారు. పెద్ద పాల సీసా కీపర్ పట్టుకుంటే తల పైకెత్తి గుటగుటా తాగేసింది ఒకటి, అయిపోయాక సీసా వదల్లేదు, తొండం చివర కీపర్ చొక్కా చెయ్యి చుట్టూ రెండు మెలికలు తిప్పి లాగుతోంది. తొండం మీద బ్రష్ లాంటి గరుకు వెంట్రుకలు, కళ్లకి పొడుగాటి రెప్పలు, వాటి మీద ఎర్రమట్టి. తర్వాత బురదలో పడి పొర్లింది, ఇంకోదాన్ని తోసింది, అచ్చం మన పిల్లల్లాగే. రాత్రిళ్లు కూడా కీపర్లు వాటితోనే పడుకుంటారట, కానీ రోజుకొకరు మారతారు, ఒక్క మనిషి మీదే బెంగ పెట్టుకోకుండా. పెద్దయ్యాక సావో అనే పెద్ద నేషనల్ పార్కుకి తీసుకెళ్లి మెల్లగా అడవి ఏనుగుల్లో కలుపుతారు. నేను ఇంత ఇష్టంగా ఎక్కడా నిలబడలేదు, గంట ఎలా గడిచిందో తెలీదు. ఏడాదికి కొంత కట్టి ఒక పిల్లని దత్తత తీసుకోవచ్చు, బాబు పుట్టినరోజు డబ్బులతో తీసుకున్నాడు, నెలనెలా దాని కబుర్లు మెయిల్‌లో వస్తున్నాయి.

జిరాఫీ సెంటర్ పిల్లలున్నవాళ్లకి బాగుంటుంది, గంట చాలు. ఎత్తు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చేత్తో మేత పెట్టొచ్చు, నాలిక నల్లగా, మూరెడు ఉంటుంది, చేతి మీద గరుగ్గా తగులుతుంది. పొద్దున తెరవగానే వెళ్లండి, మధ్యాహ్నానికి వాటి కడుపు నిండిపోయి మన వైపు రావు. కారెన్ బ్లిక్సెన్ అనే రచయిత్రి ఉన్న ఇంటి మ్యూజియం అంటే పాత బంగళా, తోట, అంతే, ఆవిడ గురించి చదివినవాళ్లకైతే నచ్చొచ్చు, మేము అరగంటలో బయటపడ్డాం.

ఎవరూ పెద్దగా చెప్పని ఒక చోటు రైల్వే మ్యూజియం. మనవాళ్లు తప్పకుండా చూడాలి అంటాను. అసలు నైరోబీ ఊరే 1899లో రైల్వే సామాను డిపోగా మొదలైంది. మొంబాసా నుంచి ఆ లైన్ వెయ్యడానికి బ్రిటిష్ వాళ్లు మన దేశం నుంచి 32 వేలమంది దాకా కూలీల్ని తీసుకెళ్లారు, ఎక్కువ పంజాబ్ వైపు వాళ్లు, దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. ఒక రైలు పెట్టె ఉంది, 1900లో సింహాన్ని కాల్చడానికి అందులో కాపలా కూర్చున్న పోలీసు ఆఫీసర్ నిద్రపోతే సింహమే లోపలికొచ్చి ఆయన్ని ఎత్తుకుపోయింది. ఆ పెట్టె కిటికీ దగ్గర నిలబడి మా ఆయన ఎంతసేపటికీ కదల్లేదు, వాళ్ల తాత రైల్వేలో గ్యాంగ్‌మన్.

చివరి పూట కరూరా ఫారెస్ట్. ఇదీ సిటీలోనే, నడవడానికి చదునైన దారులు, ఒక జలపాతం, గుహలు. ఈ అడవిని బిల్డర్లకి ఇచ్చేస్తుంటే 1999లో పర్యావరణ ఉద్యమకారిణి వాంగారీ మాథాయ్ మొక్కలు నాటడానికి వెళ్లి దెబ్బలు తిన్నారు, 2004లో ఆవిడకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అత్తమ్మ జలపాతం దాకా రాలేదు, బెంచీ మీద కూర్చుంది, తిరిగొచ్చేసరికి పక్కన ఇంకో పెద్దావిడతో చేతి సైగలతోనే మాట్లాడుతోంది. దారి పొడుగునా అక్టోబర్‌లో జకరండా పూలు, రోడ్లన్నీ ఊదారంగు.

తిండికి ఏం భయం లేదు. ఉగాలి అని పెడతారు, తెల్ల మక్క పిండితో, అచ్చం మన మక్క గట్కే, కాకపోతే ఇంకా గట్టిగా. చపాతీ, పెసర్ల కూర ప్రతిచోటా దొరుకుతాయి. రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులకి నిమ్మకాయ, కారం రాసిస్తారు! అత్తమ్మ రోజుకొకటి తిన్నది.

ఇంకొన్ని చెప్పాలి. పార్కు టికెట్లు క్యాష్‌కి ఇవ్వరు, ఆన్‌లైన్‌లోనే కట్టాలి, ఇంట్లోనే కట్టుకుని వెళ్లండి, గేటు దగ్గర నెట్ రాక మాకు మొదటి రోజు పోయిన టైమ్ అదే. అక్కడ ఉంటున్నవాళ్లకి రెసిడెంట్ రేటు వేరు, తక్కువ, కార్డు వెంట పెట్టుకోమనండి. పార్కులోకి ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లు తీసుకెళ్లకూడదు, స్టీలు సీసా పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లు దేశం మొత్తం బ్యాన్, సూట్‌కేసులో చెప్పులకి చుట్టినవి కూడా తీసెయ్యండి. ఎల్లో ఫీవర్ ఇంజక్షన్ ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, మేము హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకున్నాం, ఆ పసుపు కార్డు తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో అడుగుతారు.

వచ్చే రోజు కూడా ఆయన బండిలోనే ఎయిర్‌పోర్టుకి వెళ్లాం, ట్రాఫిక్ భయంతో ఐదు గంటల ముందే బయల్దేరదీశాడు. సదరన్ బైపాస్ మీద వెళ్తుంటే పార్కు ఫెన్సింగ్ పక్కనే వస్తుంది. ఆయన ఇంకా చెప్పకముందే అత్తమ్మ అద్దం మీద వేలు పెట్టి "అగో, సారల గుర్రాలు" అంది, ఆయన బండి పక్కకి తీసి ఆపాడు.